నాలుక గాలయ్య

షామీర్‌పేటలో ఆ రోజుల్లో గాలయ్యలు ముగ్గురు. తాటిచెట్లెక్కే గాలయ్య ఒకడు, బండి గాలయ్య ఒకడు, మూడోవాడు మనవాడు, నాలుక గాలయ్య. పేరు వినగానే ఎవడో వాగుడుకాయ అనుకునేరు. అయ్యో రామ, కాదు! పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా పది మాటలు మాట్లాడాడంటే ఆ రోజు ఎక్కువ మాట్లాడినట్టే. ఆయన నాలుకకు పేరొచ్చింది మాటల వల్ల కాదు, నీళ్ల వల్ల.

చేపపిల్లలను వదిలే ముందు నీళ్ల గుణం తెలియాలి. నీళ్లు సౌడెక్కితే, అంటే సబ్బునీళ్ల వరసలోకి పోతే, చేప ఒంటిమీద జిగురు కమ్ముతుంది, మొప్పలు కాలిపోతాయి, చస్తుంది. పులుపెక్కితే మేత ముట్టదు, ఎదగదు. ఈ రెంటికీ నడుమ ఉండాలి నీళ్లు. చదువుకున్నవాళ్లు దానికి పీహెచ్ అని పేరు పెట్టి అంకెల్లో చెప్తారు. గాలయ్యకు అంకెలు రావు. గట్టు దిగి, మోకాలి లోతుకు పోయి, దోసిట్లో నీళ్లు తీసి నోట్లో పోసుకొని, కళ్లు మూసుకొని అటూ ఇటూ పుక్కిలించి తుపుక్కున ఊసేవాడు. చేపలు పట్టే ముదిరాజుల సంఘం మొత్తం గట్టు మీద ఊపిరి బిగబట్టి నిలబడేది. "సౌడున్నది. ఇంకో వాన పడనియ్యిండ్రి" అన్నాడంటే ఇంకో వాన పడేదాకా ఆగాల్సిందే. ఒక ఏడు ఎవరో పెద్దమనిషి తొందరపడి ఆయన మాట వినకుండా పిల్లల్ని వదిలించాడు. వారం తిరక్కుండా కుంట మీద తెల్లగా తేలాయి. ఇక ఆ తర్వాత తుర్కపల్లి నుంచి మేడ్చల్ దాకా ఏ కుంటలో పిల్లలు పడాలన్నా ముందు గాలయ్యకు కబురు రావలసిందే.

తండ్రి దగ్గర నేర్చిన విద్య అది. ఇంకే విద్యా లేదు ఆయనకు. చివరికి పెండ్లిచూపులకు పోయినప్పుడు కూడా బుద్ధి పోనిచ్చుకోలేదు. మేడ్చల్ అవతలి ఊళ్లో పిల్లను చూడబోతే, వచ్చిన చుట్టాలకు చెంబుతో నీళ్లిచ్చారు. తాగి, మూతి తుడుచుకొని, "మీ బాయి నీళ్లు సౌడు. గీ నీళ్లల్ల కందిపప్పు ఉడకదు" అన్నాడు. పెద్దలు మొహమొహాలు చూసుకున్నారు. పిల్లకు వంక పెట్టిన పెండ్లికొడుకుల్ని చూశారు గాని బావికి వంక పెట్టినవాణ్ని వాళ్లెక్కడ చూశారు! అంతలో తలుపు వెనక నుంచి పిల్ల కిసుక్కున నవ్వింది. "నిజమేనే అమ్మా, పొద్దటి సంది పొయ్యి మీదనే ఉన్నది, ఇంక ఉడకలే" అంది. ఆ పిల్ల శివమ్మ. గాలయ్య ఇంకేమీ అడక్కుండా సరే అనేశాడు.

తొంభైలు వచ్చేసరికి కుంటలు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. మట్టి లారీలు వచ్చేవి, హద్దురాళ్లు పడేవి, మరుసటి ఏటికి అక్కడ కాలనీ పేరుతో కమాను లేచేది. పిలిచే కుంటలే లేకపోతే గాలయ్యను పిలిచేదెవరు? నెలల తరబడి అరుగు మీద ఊరికే కూచునేవాడు. చూడలేక శివమ్మే ఒకరోజు గడ్డపార తెచ్చి ముందర పడేసింది. "కుంటలు పోతే పోయినయి. ఇంటెన్క జాగ లేదా? తవ్వు" అంది. తొంభై ఆరు ఎండాకాలంలో మొగుడూ పెళ్లామూ ఇద్దరే పెరట్లో గుంత తవ్వారు. పన్నెండు గజాల పొడుగు, ఎనిమిది గజాల వెడల్పు, నిలువు లోతు. అడుగున రేగడి పోసి తొక్కి, బోరు నీళ్లు నింపి బొచ్చె పిల్లల్నీ రవ్వ పిల్లల్నీ వదిలారు. మొదటి పంట అమ్మిన రోజున గాలయ్య మేడ్చల్ బజారులో శివమ్మకు ఆకుపచ్చ చీర కొన్నాడు. పెండ్లయిన ముప్పై ఏళ్లకు ఆయన సొంతంగా ఎంచి తెచ్చిన మొట్టమొదటి చీర అది.

పెరటి గుంతను కాయడం కుంటను కాసినంత తేలిక కాదు. నీళ్లు తక్కువ, కాబట్టి గుణం ఇట్టే మారిపోతుంది. నాలుగు రోజులు ఎండ కాసి పచ్చపాచి పట్టిందంటే సౌడెక్కుతుంది. గట్టివాన కొడితే పులుపెక్కుతుంది. సౌడుకు చింతపండు పిసికి పొయ్యాలి, పులుపుకు సున్నం కలిపి చల్లాలి. ఏది ఎప్పుడన్నది తెలియాలంటే రోజూ రుచి చూడాల్సిందే. తెల్లవారి శివమ్మ వాకిలి ఊడ్చి, గుంతలోంచి చెంబెడు నీళ్లు ముంచి తెచ్చి ఆయన చేతికిచ్చేది. ఆయన పుక్కిలించి ఊసేవాడు. "ఎట్లున్నయి?" అని అడిగేది. ఆయన చెప్పేవాడు. ఇంట్లో పొయ్యి రాజేసేది ఆ తర్వాతే.

రెండువేల ఒకటిలో అనుకుంటాను, కృష్ణారావని ఒకాయన రావడం మొదలుపెట్టాడు. గోదావరి జిల్లా మనిషి, తుర్కపల్లిలో కొత్తగా పెట్టిన ల్యాబులో ఉద్యోగం, సుచిత్ర చౌరస్తా దగ్గర కాలనీలో కాపురం. వారమంతా కంపెనీ క్యాబులో తిరిగినా ఆదివారం మాత్రం స్కూటరేసుకొని ఇంత దూరం చేపల కోసం వచ్చేవాడు. చేపంటే ప్రాణం. మనిషి మంచివాడు. ఒక ఆదివారం జేబులోంచి అగ్గిపెట్టెంత కాగితాల కట్ట తీశాడు.

"గాలయ్య గారూ, మీకో వస్తువు తెచ్చానండి. ఈ కాగితం ఒకటి చింపి నీళ్లలో ముంచండి. పసుపు రంగొస్తే పులుపెక్కినట్టు, నీలమొస్తే సౌడెక్కినట్టు, ఆకుపచ్చొస్తే నిక్షేపంలా ఉన్నట్టు. ఆ మురికి నీళ్లు రోజూ నోట్లో పోసుకోవడం ఎందుకు చెప్పండి!"

మంచి మనసుతోనే ఇచ్చాడు పాపం. గాలయ్యకు మాత్రం ఒళ్లంతా కారం రాసినట్టయింది. చేపలు కట్టిచ్చి, ఆయన స్కూటరు మలుపు తిరిగేదాకా ఆగి, కట్టను తీసుకుపోయి పొయ్యిలో పడేశాడు.

"అరె, మంచికే ఇచ్చిండు గదనయ్యా. పొయ్యిలేస్తివేంది?" అంది శివమ్మ.

"నీళ్ల సంగతి కాయితం చెప్తదా? మా నాయిన నాల్క, నా నాల్క, గా కాయితం ముక్కకు సమానమా? గిసుంటియి ఇంకోపారి నా ఇంట్ల కనపడొద్దు!"

అంత కోపమెందుకయ్యా, కాగితమే కదా అంటే, ఆయన సంగతి అది. పొలం లేదు, చదువు లేదు, సంఘంలో పదవి లేదు. నలుగురిలో ఆయన పేరు ముందర ఆ నాలుక ఒక్కటే ఉంది. శివమ్మ పొయ్యి ఎగదోసింది.

అంత నాలుకా చేసిన తప్పు ఒక్కటే, తంబాకు. బుగ్గన ఎప్పుడూ ఇంత ఉండాల్సిందే. రెండువేల మూడులో నోట్లో పుండు లేచింది. పట్నం పెద్ద దవాఖానలో చూపిస్తే క్యాన్సరన్నారు. ముప్పై రోజులు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. దవడ ఎండిపోయి, చెంప నల్లబడి, మనిషి సగమయ్యాడు గాని ప్రాణం దక్కింది. ఇంటికి పంపే రోజున డాక్టరు, "నీకిగ రుచి తెలవడం కష్టం గాలయ్యా. కొందరికి ఏడాదికి తిరిగొస్తది, కొందరికి రాదు" అన్నాడు. శివమ్మ అప్పుడు మందుల వరసలో నిలబడి ఉంది. వినలేదు. ఆమె వచ్చి, "డాక్టరేమన్నడు?" అని అడిగింది.

"ఏమంటడు. మంచిగైందన్నడు."

అదీ ఆయన దాచిన గుట్టు. దొంగతనం చేసినవాడు కూడా అంత భయంగా దాచి ఉండడు. ఈ సంగతి సంఘానికి తెలిస్తే ఏమంటారు అన్నది తర్వాతి మాట. శివమ్మకు తెలిస్తే? ఏ నాలుకను చూసి తలుపు వెనక నవ్విందో ఆ నాలుక చచ్చిపోయిందని ఆమెకు ఏ నోటితో చెప్పడం?

మరునాడు తెల్లవారి ఆమె ఎప్పటిలాగే చెంబుతో నీళ్లు తెచ్చింది. గాలయ్య నోట్లో పోసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. ఏమీ లేదు. నీళ్లు తడిగా ఉన్నాయి, చల్లగా ఉన్నాయి, అంతే. యాభై ఏళ్లు ఆ నోట్లో పలికిన నీళ్లు నోరు మూసుకున్నాయి. దుఃఖం తన్నుకొచ్చింది. దాన్ని నీళ్లతో పాటే ఊసేసి కళ్లు తెరిచాడు. శివమ్మ ఆయన మొహంలోకే చూస్తోంది.

"ఎట్లున్నయి?" అంది.

"మంచిగున్నయి."

ఆమె ఇంకాసేపు చూసింది. "సరే" అని చెంబు తీసుకొని లోపలికి పోయింది. నమ్మింది అనుకున్నాడు గాలయ్య.

నాలుగు రోజుల తర్వాత కూతురు సుశీల తండ్రిని చూడ్డానికి కౌకూర్ నుంచి వచ్చింది. శివమ్మ చేపల పులుసు పెట్టింది. గాలయ్య రెండుసార్లు వేయించుకొని తిన్నాడు. "మస్తున్నదే" అన్నాడు కూడా. సుశీల ముద్ద నోట్లో పెట్టుకుని మొహం చిట్లించింది. "ఏందమ్మా, ఉప్పేయ మర్సినవా? ఒక్క రవ్వ లేదు!" అంది. గాలయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"మర్సుడేంది. మీ నాయినకు ఉప్పు బంద్ జెయ్యమన్నడు డాక్టరు" అంది శివమ్మ తల ఎత్తకుండా. "నీకు గావాల్నంటే గా గిన్నెల ఉన్నది, కలుపుకో."

గండం గడిచిందని ఊపిరి పీల్చుకున్నాడు పిచ్చి మనిషి. ఏ డాక్టరూ ఆయనకు ఉప్పు మానమని చెప్పలేదన్న సంగతి ఆ క్షణాన ఆయనకు తట్టలేదు.

ఇక నీళ్ల విషయంలో ఎలా నెగ్గుకొస్తానా అని మొదట్లో హైరానా పడ్డాడు. రానురాను అదీ సర్దుకుంది. శివమ్మ చెంబు ఇస్తూ ఏదో ఒకటి అనేది. "నాల్గొద్దుల సంది ఎండ మస్తు కొడ్తాంది, సౌడెక్కిందేమో సూడు" అనేది. ఆయన పుక్కిలించి, "గదే, సౌడెక్కింది" అనేవాడు. "రాత్రి వానకు జెర పులుపైతదా?" అనేది. "అయింది మరి, సున్నం జల్లు" అనేవాడు. ఏమీ అనకుండా ఊరికే చెంబు చేతికిచ్చిన రోజున "మంచిగున్నయి" అనేవాడు. అలా ఒక్క రోజు తప్పలేదు. నాలుగేళ్లు గుంతలో ఒక్క చేప అకారణంగా చావలేదు. సంఘం వాళ్లు సైతం, "క్యాన్సరొచ్చి పోయినా నాల్క పోలేదురా గాలయ్యకు!" అని చెప్పుకున్నారు. ఆ మాట విన్న రోజున ఆయన వీధిలో ఛాతీ విరుచుకొని నడిచాడు. రుచి పోయినా తన తెలివి పోలేదని, ఆకాశం చూసి నీళ్లు చెప్పగలుగుతున్నానని తనను తానే మెచ్చుకున్నాడు. ఒకరోజు భార్యను చూసి ముసిముసిగా నవ్వి, "నాతోని బతికి బతికి నీకు గూడ తెలుస్తాంది నీళ్ల ముచ్చట" అన్నాడు.

"ఆ, ఏదో నీ పున్నెం" అంది శివమ్మ.

ఆ నడుమే ఒకసారి ఆకుపచ్చ చీర ఆరేసి ఉంటే లోపలి చెంగున అరచేతి మేర ముక్క లేకపోవడం చూసి లబోదిబోమన్నాడు. "కొన్నదే ఒక్క చీర, దాన్ని గూడ సక్కగ పెట్టుకోరాదు!" అని కసిరాడు. ఎలుక కొట్టిందని చెప్పింది ఆమె. ఎలుక కొడితే అంత తిన్నగా కత్తిరించినట్టు ఎలా పోతుందని ఆయన అడగలేదు.

రెండువేల ఏడు శ్రావణంలో శివమ్మకు జ్వరం తగిలింది. రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నారు. కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లని పసరు తాగించారు, దాంతో వాంతులు పట్టుకొని లేవలేకపోయింది. దవాఖానకు తీసుకుపోవడానికి సుశీల మొగుణ్ని వెంటబెట్టుకొని ఆటో తెచ్చింది. ఒకరి భుజం పట్టుకుంటే గాని నిలబడలేని మనిషి, ఆటో ఎక్కబోతూ ఆగి గాలయ్య చెయ్యి పట్టుకుంది.

"నా మాట ఇను. గా చేపలు ఉన్నయి ఉన్నట్టు అమ్మెయ్యి. మల్ల నేనొచ్చినంక కొత్త పిల్లల ఇడుద్దాం."

"ఎందుకమ్ముడు? ఇంక కిలో గూడ గాలేదు!"

"ఇనరాదయ్యా. నువ్వొక్కనివి ఎన్నని సూస్తవు."

ఆ మాట ఆయనకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "ఒక్కన్ని సూస్కోలేనా? నా నాల్క సచ్చిందనుకున్నవా?" అని అరిచాడు. ఆటో డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూశాడు. శివమ్మ పెదవులు కదిలాయి. ఏదో చెప్పబోయింది. ఆయన మొహం చూసి ఆగిపోయింది. "గట్లెందుకంట" అని, చీర కొంగు సర్దుకొని ఆటో ఎక్కింది. చెప్పి ఉంటే బాగుండేది. కాని నాలుగేళ్లు కాపాడిన గుట్టును వాకిట్లో, అల్లుడి ముందర, ఆటోవాడి ముందర బయట పెట్టడానికి ఆమెకు మనసొప్పలేదు.

దవాఖాన మంచం మీద కూడా ఆమెకు అదే ధ్యాస. గాలయ్య వచ్చి పక్కన కూచున్నప్పుడల్లా, "వాన పడ్డదా?" అని అడిగేది. లేదంటే, "ఎండ గొడ్తాందా? మబ్బున్నదా?" అనేది. ఇంకేదో లెక్క వేసుకుంటున్నట్టు కళ్లు పైకెత్తి చూసేది. "నీళ్ల ముచ్చట నేను సూసుకుంటగాని నువ్వు సప్పుడు జెయ్యక పండు" అని విసుక్కున్నాడు గాలయ్య. ఆ విసుగును తలుచుకొని తర్వాత ఎంత కుమిలాడో ఆ దేవుడికే తెలియాలి. తొమ్మిదో రోజున శివమ్మ పోయింది.

మట్టి చేసిన రోజున పెద్దవాన పడింది. ఆ వాన తర్వాత మళ్లీ చుక్క లేదు, పది రోజులూ ఎండే. పదకొండో రోజు దినం. మైల పోవాలని చుట్టాలు ఇల్లంతా కడిగి గోడలకు సున్నం వేశారు. భోజనాలు చేసి ఎవరి దారిన వాళ్లు పోయారు. సుశీల ఒక్కతే ఆగింది.

పన్నెండో రోజు పొద్దున గాలయ్య తనే చెంబు తీసుకొని గుంత దగ్గరికి పోయాడు. ముంచి నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. ఊసి, అలవాటుగా తల ఎత్తి ఎదురుగా చూశాడు. ఎవరూ లేరు. సౌడెక్కిందేమో అనేవాళ్లు లేరు, వానకు పులుపయిందేమో అనేవాళ్లూ లేరు. ఇంకోసారి ముంచి పోసుకున్నాడు, మూడోసారి పోసుకున్నాడు. ఏం చెప్పాలో తోచలేదు. చివరికి మట్టి చేసిన నాటి వాన గుర్తొచ్చింది. అంత వాన పడ్డాక పులుపెక్కకుండా ఉంటుందా? గోడలకు వేయగా మిగిలిన సున్నం అర డ్రమ్ము అక్కడే ఉంది. కలియబెట్టి, బకెట్లతో ముంచి గుంత నిండా పోశాడు. పది రోజుల ఎండకు అప్పటికే సౌడెక్కి ఉన్న నీళ్లు అవి. అందులో అంత సున్నమా! చంటిపిల్లవాడికి తెలిసి విషం పోసేవాళ్లుండరు. తెలియకనే పోశాడు.

మరునాడు పెరట్లోంచి సుశీల కేక విని పరుగెత్తాడు. గుంతంతా తెల్లటి పొట్టలు. కొన్ని ఇంకా నీటి మీద నోళ్లు తెరిచి మూస్తున్నాయి. కళ్లకు పొర కమ్మి, ఒంటినిండా జిగురు. సుశీల ఏడుస్తూ తట్టతో ఎత్తిపోసింది. "నిన్న నువ్వు రుచి సూస్తివి గద నాయినా! నీళ్లు మంచిగ లేకుంటే నీకు తెల్వకుంటదా?" అంది. గాలయ్య తడి చేపను రెండు చేతులతో పట్టుకొని గట్టు మీద కూలబడ్డాడు.

ఆ వచ్చిన ఆదివారం వాకిట్లో స్కూటరు ఆగింది. కంపెనీ పని మీద నెలరోజులకు పైగా ఊళ్లో లేని కృష్ణారావు. జరిగిందేదీ ఆయనకు తెలియదు. సంచి ఊపుకుంటూ నవ్వుతూ వచ్చాడు.

"బాగున్నారా గాలయ్య గారూ! అమ్మగారేరీ? ఇదిగోండి, ఈ కట్ట ఆవిడకివ్వండి. కిందటిసారి ఇచ్చింది ఈపాటికి అయిపోయుంటుంది."

చేతిలో అగ్గిపెట్టెంత కాగితాల కట్ట. గాలయ్య దాన్ని గుర్తుపట్టాడు.

"గిది ఆమెకెందుకు సారూ?"

"అదేంటండీ, నీళ్లు చూసే కాగితం కదా! నాలుగేళ్ల బట్టీ ఆవిడే తీసుకెళ్తున్నారు. మీరు కరెంటు పెట్టించుకొచ్చాక గామోసు, మా స్కూటరు దాకా వచ్చి అడిగారు. 'నాకు సదువు రాదు సారూ, ఏ రంగుకు ఏం జెయ్యాల్నో చెప్పుండ్రి' అన్నారు. 'మా ఆయనకు చెప్పకుండ్రి, మనసు కష్టపెట్టుకుంటడు' అని కూడా..." అంటూ ఉన్నవాడు గాలయ్య మొహం చూసి నాలిక కరుచుకున్నాడు. "మీకు తర్వాతైనా తెలిసుంటుందనుకున్నానండీ. ఆవిడ లోపలున్నారా?"

"ఆమె పోయి పదహారు దినాలాయె సారూ."

కృష్ణారావు అక్కడే అరుగు మీద కూచుండిపోయాడు. పోయేటప్పుడు ఆయన కట్టను అరుగు మీదే పెట్టి వెళ్లాడు.

గాలయ్య వంటింట్లోకి పోయాడు. నలభై ఏళ్ల కాపురంలో ఆ అలమర ముందర ఆయన నిలబడింది లేదు. ఒక్కొక్క డబ్బా మూత తీశాడు. కారం, పసుపు, జీలకర్ర. కందిపప్పు డబ్బాలో చెయ్యి పెడితే పప్పు కింద ప్లాస్టిక్ కవరు తగిలింది. అందులో సగం చింపిన కాగితాల కట్ట, ఒక దారానికి గుచ్చిన మూడు గుడ్డముక్కలు. ఒకటి ఆమె పాత రవికెలోని పసుపు ముక్క, దాని మూలన ముడిలో చిన్న సున్నపురాయి. ఒకటి నీలం ముక్క, దాని ముడిలో చింతగింజ. మూడోది ఆకుపచ్చది. అది ఏ చీరలోదో ఆయనకు చెప్పనక్కర్లేదు. దానికి ముడి లేదు. ఆకుపచ్చ వస్తే ఏమీ చేయనక్కర్లేదు కదా. ఏమీ అనకుండా చెంబు చేతికిచ్చే రోజన్నమాట అది.

అప్పుడు ఒక్కొక్కటే అర్థమయింది గాలయ్యకు. తను నిద్రలేవక ముందే ఆమె గుంత దగ్గరికి పోయేది. కాగితం ముంచేది, గుడ్డల పక్కన పెట్టి చూసేది. తర్వాత చెంబు తెచ్చి, చెప్పవలసిన మాటను ప్రశ్నలా అడిగి, ఆయన నోటితోనే పలికించేది. ఊరంతా మెచ్చుకున్న నాలుక ఆమెది. ఉప్పు లేని పులుసు పెట్టింది కూడా మరిచిపోయి కాదు. "నాతోని బతికి నీకు గూడ తెలుస్తాంది" అని తను మురిసిపోయిన రోజు గుర్తొచ్చి, డబ్బాను గుండెకు అదుముకొని వెక్కివెక్కి ఏడ్చాడు. సుశీల వచ్చి పట్టుకుంది గాని ఎందుకో ఆమెకు చెప్పలేకపోయాడు.

తర్వాత లేచి మొహం కడుక్కున్నాడు. కాగితం చింపి గుంతలో ముంచాడు. చిక్కటి నీలం. నీలం గుడ్డ పక్కన పెట్టి చూశాడు. చింతపండు నానేసి, పిసికి పోశాడు. పాత నీళ్లు తోడి కొత్తవి పట్టాడు. మరునాడు ముంచితే మళ్లీ నీలమే. మళ్లీ పోశాడు. బతికున్న రెండు మూడు చేపలు కూడా ఆలోపే పోయాయి. అయినా మానలేదు. "చేపలే లేవు గద నాయినా, ఇంకెవల కోసం? నాతోని కౌకూర్ పోదాం రా" అంది సుశీల. ఆగు బిడ్డా, అన్నాడు.

ఆరో రోజు పొద్దున కాగితం తీసి చూస్తే ఆకుపచ్చ. చీరముక్క పక్కన పెట్టాడు. రెండూ ఒకటే రంగు. ఖాళీ గుంత నిండా ఎండ పడుతోంది. చెంబుతో నీళ్లు ముంచి, ఎప్పుడూ ఆమె నిలబడే చోటికి పోయి నిలబడ్డాడు. పక్కింటివాళ్లకు వినబడినా ఇక లెక్కలేదన్నట్టు గట్టిగానే అన్నాడు.

"నీళ్లు మంచిగున్నయే శివమ్మా. నాల్కతోని చెప్తలేను, నాకు రుచి పోయి నాలుగేండ్లాయె. నీ గుడ్డముక్క సూసి చెప్తున్న."